పెరటి తొట్టిలో చేపలు.. పల్నాడులో నీరే పరీక్ష

నరసరావుపేట: గేదెల పాక, గడ్డివామి పోను మిగిలిన పెరటి జాగాలో ఒక తొట్టి అమర్చుకుని ఇంటి కూరకు సరిపడా చేపలు పెంచుకోవడం సాధ్యమే. అందుకు ఎకరాల చెరువు అక్కరలేదు. మూడు మీటర్ల వ్యాసం గల గుండ్రటి తొట్టి, అందులో మీటరు లోతు నీరు ఉంటే చాలు. దానిలో సుమారు ఏడు వేల లీటర్లు పడతాయి. అయితే కొల్లేటి ప్రాంతపు చెరువుల పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడికి తెచ్చుకుంటే నష్టపోక తప్పదు. పల్నాడు నేల వేరు, నీరు వేరు, ఎండ అసలే వేరు.

సున్నపు నీటితో జాగ్రత్త

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు కర్మాగారాలు చూస్తేనే ఈ గడ్డ కింద ఉన్నది సున్నపురాయి అని తెలుస్తుంది. అందువల్ల చాలాచోట్ల బోరు నీరు కఠినంగా, క్షారగుణంతో ఉంటుంది. చేపలకు ఇది పూర్తిగా చెడ్డదేమీ కాదు. నీటి పీహెచ్ ఒక్కసారిగా పడిపోకుండా ఆ కాఠిన్యమే కాపాడుతుంది. కానీ చెరువుల్లో చల్లుతున్నారు కదా అని తొట్టిలోనూ సున్నం కలిపితే మాత్రం ముప్పు.

కారణం అమోనియా. చేపల విసర్జనల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి ఇది పుడుతుంది. 30 డిగ్రీల వేడిమిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు దీనిలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 8కి చేరితే ఏడెనిమిది శాతం, 9కి చేరితే దాదాపు సగం విషంగా మారుతుంది. అంటే అదే మేత, అవే చేపలు, నీటి గుణం మారితే ఫలితం తారుమారవుతుంది. కాబట్టి తొట్టికి డబ్బు పెట్టకముందే బోరు నీటిని పరీక్ష చేయించుకోవాలి. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి నుంచి కూడా సున్నం నీటిలోకి దిగుతుంది. రెండు మూడు వారాలపాటు నీరు నింపి తోడివేస్తూ ఊరబెట్టిన తరువాతే చేపపిల్లలను వదలాలి.

బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. ఒకరోజు నిల్వ ఉంచి గాలి ఆడించాలి. మురికిని శుద్ధి చేసేందుకు పక్కన ఒక డ్రమ్ములో స్పాంజి, గులకరాళ్లు నింపి తొట్టి నీటిని దాని గుండా తిప్పుతారు. అందులో అమోనియాను హరించే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలి నెలలో పిల్లలు తక్కువగా, మేత ఇంకా తక్కువగా ఉండాలనడం ఇందుకే. ఈ ఒక్క నెల ఓపిక పట్టలేక చేతులు కాల్చుకునేవారే ఎక్కువ.

వేసవి రాత్రులు గండం

నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములకు మించి నిలవదు. చేప సుఖంగా మేత తినాలంటే కనీసం 5 మిల్లీగ్రాములుండాలి. రాష్ట్రంలో మండే ఎండలకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. మే నెలలో తెల్లవారుజామున రెండు గంటలు కరెంటు పోయి గాలి పంపు ఆగితే, పొద్దున్నే తొట్టి నిండా చేపలు తేలి కనిపించవచ్చు. బ్యాటరీతో నడిచే పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. అంతకన్నా మేలైన మార్గం వేసవిని తప్పించుకోవడమే. జూలై, ఆగస్టులలో పిల్లలను వదిలి జనవరి, ఫిబ్రవరి నాటికి పట్టేసుకుంటే ఆ గండం ఉండదు.

మిర్చి, పత్తి పండే ఊళ్లలో మరొక చిక్కుంది. పైరుపై చల్లే పురుగుమందుల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు చేపలకు అత్యంత విషతుల్యం. మందు కొట్టి వచ్చిన చేతులతో మేత వేయడం, మందు కలిపిన డ్రమ్మును కడిగి తొట్టికి నీళ్లు మోయడం కూడదు. పొలం ఆనుకుని ఇల్లున్నవారు పిచికారీ వేళ తొట్టిపై పట్టా కప్పాలి. పిల్లి, కొంగ, లకుముకి పిట్టల కోసం వల ఎలాగూ అవసరం. చిన్నపిల్లలున్న ఇంట తొట్టికి గట్టి మూత ఉండాలి, పంపుల వైర్లు నీటికి దూరంగా సాగాలి.

లెక్క ఇదీ

వెయ్యి లీటర్లకు పది కిలోల చొప్పున, ఏడు వేల లీటర్ల తొట్టిలో 70 కిలోలు ఆశించడం కొత్తవారికి సమంజసం. అరకిలో చేపలు 140 దక్కాలంటే, నష్టం పోను 160 పిల్లలను వదలాలి. అనుమతి ఉన్న హేచరీ నుంచి తెచ్చిన గిఫ్ట్ తిలాపియా ఆరు నెలల్లో ఈ బరువుకు వస్తుంది. కిలో చేపకు కిలోన్నర మేత చొప్పున 105 కిలోల మేత కావాలి. కిలో మేత 50 రూపాయలనుకుంటే 5,250 రూపాయలు. అరవై వాట్ల పంపు ఆరు నెలలు ఆగకుండా నడిస్తే 260 యూనిట్లు, యూనిట్‌కు 5 రూపాయల లెక్కన 1,300. పిల్లలకు 800. మొత్తం 7,350 రూపాయలు. కిలో 120 చొప్పున అమ్మితే వచ్చేది 8,400. మిగులు వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే. తొట్టి ఖర్చు ఇందులో లేదు.

వీడియోల్లో చూపే లక్షల ఆదాయానికీ, ఈ లెక్కకూ పొంతన లేదు. అప్పు చేసి మొదలుపెట్టదగిన పని కాదిది. వారానికి రెండున్నర కిలోల తాజా చేప ఇంట ఉడకడం, తోడిన నీటితో అరటి, కరివేపాకు, కూరగాయలు పెరగడం దీని అసలు లాభం. నీటిలో ఉప్పు కలిపి ఉంటే మాత్రం మొక్కలకు పోయరాదు.

ధర పలికేది కొరమీను. గాలిని నేరుగా పీల్చగలదు గనుక కరెంటు పోయినా వెంటనే చావదు. కానీ గుళికల మేతకు అలవాటుపడిన పిల్లలనే కొనాలి. పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి కాబట్టి పరిమాణం ప్రకారం తరచూ వేరుచేయాలి. ఒక పంట తిలాపియాతో చేయి తిరిగాకే దాని జోలికి వెళ్లడం మంచిది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషిద్ధం. ఎవరు పిల్లలు ఇస్తామన్నా తీసుకోరాదు.

కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి చిన్న యూనిట్ వ్యయాన్ని 50 వేల రూపాయలుగా నిర్ణయించారు. రాయితీ సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. 60 శాతం వచ్చినా సొంతంగా 20 వేలు పెట్టవలసిందే. యూనిట్లు మంజూరవుతున్నదీ లేనిదీ మత్స్యశాఖ కార్యాలయంలో గానీ, గ్రామ మత్స్య సహాయకుల వద్ద గానీ విచారించి, మంజూరు పత్రం చేతికి వచ్చిన తరువాతే తొట్టి కొనాలి.