టిగ్ వెల్డింగుకు ఏ రాడ్డు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి ఐ.టి.ఐ. వెల్డర్ ట్రేడులో చేరే తమ్ముళ్లు మమ్మల్ని అడిగేది ఒకటే: మైల్డ్ స్టీలుకు రాగిపూత ఉన్న ఏ రాడ్డయినా సరిపోదా?

సరిపోదు. గ్యాస్ వెల్డింగు రాడ్డుకూ రాగిపూత ఉంటుంది, చూపుకు రెండూ ఒకటే. కానీ కరిగిన ఇనుములోని ఆక్సిజన్‌ను పట్టుకునే సిలికాన్, మాంగనీసు దానిలో తక్కువ. ఆర్గాన్ బయటి గాలిని ఆపుతుందే గాని, తుప్పులోని ఆక్సిజన్‌ను తీయలేదు. అది కార్బన్‌తో కలిసి వాయువై, అతుకులో బుడగలుగా మిగులుతుంది. పైకి కనబడదు. చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం లాంటి చోట బాయిలర్ గొట్టాల అతుకులను ఎక్స్‌రే తీస్తారు. అక్కడ దొరికిపోతాం, పని పోతుంది.

రాడ్డు మీది ముద్ర చదవండి. ఈఆర్70ఎస్-6లో సిలికాన్, మాంగనీసు ఎక్కువ. అతుకు మీద గాజుపెంకుల్లాంటి మచ్చలు వస్తే భయపడొద్దు, పట్టుబడిన ఆక్సిజన్ అదే! ఈఆర్70ఎస్-2లో అల్యూమినియం, టైటానియం, జిర్కోనియం కూడా ఉంటాయి. 70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల బలం. పలుచని రేకుకు 1.6 మి.మీ. రాడ్డు చాలు.