గీజరు నీళ్ళు మధ్యలోనే చల్లబడుతున్నాయా?

పొద్దున్నే శ్రీవారు తలస్నానం చేసి వస్తారు. పిల్లలు స్కూలుకి తయారవుతారు. తీరా మీ వంతు వచ్చేసరికి గీజరులోంచి చన్నీళ్ళు! మెకానిక్‌ని పిలిస్తే "పాతబడిపోయిందమ్మా, కొత్తది కొనేయండి" అంటాడు. ఆ మాటకి తలూపే ముందు నీళ్ళు ఎలా చల్లబడుతున్నాయో రెండు రోజులు గమనించండి. లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

కొన్ననాటినుంచీ ఇంతేనా? అయితే గీజరు చిన్నదన్నమాట. 15 లీటర్ల గీజరులో 60 డిగ్రీల నీళ్ళకి 20 డిగ్రీల చన్నీళ్ళు సమంగా కలిపితే వచ్చేది 30 లీటర్ల వెచ్చని నీళ్ళే. అంటే రెండు చిన్న బకెట్లు. మళ్ళీ కాగడానికి 2000 వాట్ల గీజరుకైనా 20 నిమిషాలు పడుతుంది. స్నానాల మధ్య ఆ వ్యవధి ఇవ్వండి. కుళాయి సన్నగా తిప్పితే లోపలికొచ్చే చన్నీళ్ళు వేడినీళ్ళలో తొందరగా కలిసిపోవు.

ఇదివరకు రెండు బకెట్లు వచ్చి ఇప్పుడు ఒకటే వస్తోందా? ముందు థర్మోస్టాట్ ఎవరైనా తగ్గించారేమో చూడండి. వేడినీళ్ళ కుళాయి రాత్రంతా కారుతోందేమో చూడండి. బోరు నీళ్ళయితే లోపల సున్నం పేరుకుని ఉండవచ్చు. కాగేటప్పుడు గరగరమని చప్పుడొస్తే అనుమానం అక్కర్లేదు, శుభ్రం చేయించాల్సిందే. పైనున్న వేడినీళ్ళని బయటికి తెచ్చే లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లుపడ్డా ఇంతే.

కాగడమే ఆలస్యమవుతోందా? వోల్టేజీ చూపించండి. 230 నుంచి 180కి పడిపోతే గీజరు శక్తి 60 శాతానికి తగ్గిపోతుంది.

అసలు వేడెక్కకపోతే మెయిన్ బోర్డులో స్విచ్ పడిపోయిందేమో చూడండి. ప్లగ్గు నల్లబడినా, కాలిన వాసన వచ్చినా గీజరు వాడకండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడవద్దు. కటౌట్ మాటిమాటికీ ఆపేస్తుంటే "డైరెక్టుగా కలిపేస్తానమ్మా" అనేవాళ్ళుంటారు. ససేమిరా ఒప్పుకోకండి. నీళ్ళు మితిమీరి కాగి ట్యాంకు పేలే ప్రమాదముంది. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు కారడం మామూలే, దానికి బిరడా కొట్టకండి. మెయిన్ ఆపకుండా మూత విప్పనివ్వకండి. స్నానం చేసేటప్పుడు స్విచ్ ఆపెయ్యండి.

మెకానిక్ వచ్చినప్పుడు ఊరికే "పనిచెయ్యట్లేదు" అనకుండా "ఇదివరకు రెండు బకెట్లు, ఇప్పుడు ఒకటే" అని చెప్పి చూడండి. కొత్తది కొనమనే ముందు అతనూ ఒకసారి ఆలోచిస్తాడు!