ఆసుపత్రికీ లక్ష్యానికీ మధ్య 400 మీటర్లు

2015 అక్టోబరు 3 తెల్లవారుజామున ఉత్తర అఫ్గానిస్థాన్‌లోని కుందూజ్ నగరంలో ఒక ఆసుపత్రి మీద అమెరికా యుద్ధవిమానం గుండ్ల వర్షం కురిపించింది. ఆ ఆసుపత్రిని నడుపుతున్నది ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ. పొట్టిగా ఎంఎస్‌ఎఫ్ అంటారు. యుద్ధ గాయాలకు పెద్ద శస్త్రచికిత్సలు చేయగల ఆసుపత్రి ఈశాన్య అఫ్గానిస్థాన్ మొత్తానికీ అదొక్కటే. ఆ రాత్రి లోపల 105 మంది రోగులు, 149 మంది సిబ్బంది ఉన్నారు. ప్రాణాలు పోయినవారు 42 మంది. వారిలో రోగులు 24 మంది, సిబ్బంది 14 మంది, రోగులకు తోడుగా వచ్చినవారు నలుగురు. ఐసీయూలో కదల్లేని స్థితిలో ఉన్నవాళ్లు మంచాల మీదే కాలిపోయారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘యుద్ధమన్నాక నియమాలేముంటాయి’ అనేవాళ్లు చాలామందే కనిపిస్తారు. నియమాలున్నాయి. రాతపూర్వకంగా ఉన్నాయి, ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. వాటిని పట్టించుకున్న రోజుల్లో ప్రాణాలు దక్కాయి, సడలించిన రోజుల్లో పోయాయి. ఆ రెండు రకాల రోజులనూ చూసిన దేశం అఫ్గానిస్థాన్. అందుకే ఈ లెక్కలు అక్కడివి.

196: ఒప్పుకోని దేశం లేదు

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర జరిగిన ఒక్కరోజు యుద్ధంలో సుమారు 40 వేల మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. పని మీద అటు వెళ్లిన స్విస్ వ్యాపారి ఆన్రీ దునాంట్, దిక్కులేకుండా పడి ఉన్న క్షతగాత్రులను చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లను సాయానికి కూడగట్టాడు. రెడ్‌క్రాస్ ఉద్యమం అక్కడి నుంచే పుట్టింది. 1864లో మొదటి జెనీవా ఒప్పందం మీద 12 దేశాలు సంతకం చేశాయి.

అప్పట్లో ఆ రక్షణ గాయపడ్డ సైనికుల కోసమే. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకంటే మామూలు జనమే ఎక్కువమంది చనిపోయారు. ఆ అనుభవంతో 1949లో నాలుగు జెనీవా ఒప్పందాలు వచ్చాయి. వాటిలో నాలుగోది, 159 అధికరణాలతో, ప్రత్యేకంగా పౌరుల కోసం రాసుకున్నది. ఈరోజు ఈ నాలుగింటికీ కట్టుబడిన దేశాలు 196. భారత్ 1950లోనే ఆమోదించి, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. మన ఊళ్లలో మందుల షాపుల బోర్డుల మీద, డాక్టర్ల కార్ల అద్దాల మీద తరచూ కనిపించే రెడ్‌క్రాస్ గుర్తును అనుమతి లేకుండా వాడటం ఆ చట్టం ప్రకారం నేరం. అది డాక్టర్ల గుర్తు కాదు, యుద్ధరంగంలో ‘ఇక్కడ కాల్చొద్దు’ అని చెప్పే గుర్తు. దాన్ని ఎవరు పడితే వారు వాడితే, అసలు అవసరమైన చోట దాని మీద నమ్మకం పోతుంది.

1977లో ఈ ఒప్పందాలకు రెండు అదనపు ప్రొటోకాల్స్ చేరాయి. బాంబుదాడుల నుంచి పౌరులను కాపాడే వివరమైన నియమాలు మొదటి ప్రొటోకాల్‌లో ఉన్నాయి. దాన్ని 170కి పైగా దేశాలు ఆమోదించాయి. అమెరికా, భారత్ ఆమోదించలేదు. అయినా వాటికి మినహాయింపు దొరకదు. ఎందుకంటే ఒప్పందం మీద సంతకంతో పనిలేకుండా, దేశాల దీర్ఘకాల ఆచరణ వల్ల అందరికీ వర్తించే నియమాలు కూడా ఉంటాయి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2005లో అలాంటివి 161 గుర్తించి ప్రచురించింది. పౌరుల రక్షణకు సంబంధించిన ముఖ్య సూత్రాలన్నీ వాటిలో ఉన్నాయి. కుందూజ్‌లో జరిగినట్టు, దేశానికీ దేశానికీ మధ్య కాకుండా ఒక దేశం లోపల జరిగే పోరుకు కూడా ఆ సూత్రాలే వర్తిస్తాయి.

3: కాల్చేముందు మూడు ప్రశ్నలు

ఇన్ని అధికరణాల సారం మూడు ప్రశ్నల్లో ఇమిడిపోతుంది.

మొదటిది: ఎదుట ఉన్నది ఎవరు? పోరాడేవాళ్లనూ, సైనిక లక్ష్యాలనూ మాత్రమే కొట్టాలి. పౌరుల మీద, ఇళ్ల మీద, బడుల మీద గురిపెట్టకూడదు. అనుమానం ఉంటే పౌరుడిగానే భావించాలి.

రెండోది: దక్కేదెంత, పోయేదెంత? లక్ష్యం సైనికమైనదే అయినా, చుట్టుపక్కల పౌరులకు జరగబోయే నష్టం సైనిక ప్రయోజనంకంటే మితిమీరి ఉంటుందనిపిస్తే దాడి చేయకూడదు.

మూడోది: సరిచూసుకున్నారా? లక్ష్యం అదేనని రూఢి చేసుకోవాలి, వీలైతే ముందుగా హెచ్చరించాలి, పొరపాటని తెలిసిన మరుక్షణం ఆపేయాలి. దీన్ని ముందుజాగ్రత్తల నియమం అంటారు. మొదటి రెండు నియమాలను ఒప్పుకుంటామని చెప్పని సైన్యం ఉండదు. పౌరుల చావుబతుకులు తేలేది మాత్రం ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే.

ఆసుపత్రులకు మరింత రక్షణ ఉంది. శత్రువుకు హాని చేసే పనులకు ఆసుపత్రిని వాడుకుంటేనే ఆ రక్షణ పోతుంది. అప్పుడు కూడా ముందు హెచ్చరించి, తగిన గడువు ఇవ్వాలి. గాయపడ్డ సైనికులకు వైద్యం చేయడం ‘హాని చేసే పని’ కిందికి రాదని నాలుగో ఒప్పందం 19వ అధికరణం స్పష్టంగా చెప్పింది. ఆయుధం వదిలి మంచాన పడినవాడు ఇక లక్ష్యం కాడు. ఆ రాత్రి కుందూజ్ ఆసుపత్రిలో ప్రభుత్వ సైనికులూ ఉన్నారు, తాలిబన్లూ ఉన్నారు. ఇద్దరికీ వైద్యం చేయడం నేరం కాదు, వైద్యుడి ధర్మం.

211 గుండ్లు, 29 నిమిషాలు

2015 సెప్టెంబరు 28న కుందూజ్ తాలిబన్ల చేతికి చిక్కింది. మరునాడే ఎంఎస్‌ఎఫ్ తన ఆసుపత్రి జీపీఎస్ వివరాలను అమెరికా, అఫ్గాన్ సైనికాధికారులకు మళ్లీ పంపింది. కప్పు మీద సంస్థ జెండాలు పరిచింది. కరెంటు లేక నగరమంతా చీకట్లో ఉన్నా ఆసుపత్రిలో జనరేటర్ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

అమెరికా సైన్యం తర్వాత జరిపిన విచారణ ప్రకారం, ఏసీ-130 విమానం అనుకున్న సమయానికంటే ముందే హడావిడిగా బయల్దేరింది. సిబ్బందికి మామూలుగా ఇచ్చే వివరణ ఇవ్వలేదు. దాడి చేయకూడని స్థలాల జాబితా విమానంలోకి చేరలేదు. దారిలో సమాచార వ్యవస్థ పనిచేయడం మానేసింది. కొట్టాల్సింది అఫ్గాన్ నిఘా సంస్థకు చెందిన, తాలిబన్ల ఆక్రమణలో ఉందని చెప్పిన భవనం. ఆసుపత్రికి అది సుమారు 400 మీటర్ల దూరంలో ఉంది. తమ మీదికి క్షిపణి వచ్చిందనుకున్న సిబ్బంది విమానాన్ని దూరంగా మళ్లించారు. అక్కడి నుంచి జీపీఎస్ అంకెలు ఖాళీ పొలాన్ని చూపించాయి. దాంతో నోటిమాటగా అందిన వర్ణనకు సరిపోయే పెద్ద భవనం కోసం వెతికారు. వాళ్ల కంటపడింది ఆసుపత్రి. విమానం మళ్లీ దగ్గరికి వచ్చాక యంత్రం అసలు భవనాన్ని సరిగ్గానే చూపించింది. కానీ సిబ్బంది కళ్లతో ఎంచుకున్నదాన్నే నమ్ముకున్నారు.

ఇక్కడ ఆగి చూడాల్సిన నిమిషం ఒకటుంది. కాల్పులకు సుమారు ఒక నిమిషం ముందు విమానం నుంచి బగ్రామ్ వైమానిక స్థావరంలోని కమాండ్ కేంద్రానికి, ఫలానా చోట కొట్టబోతున్నామని అంకెలు అందాయి. అవి ఆసుపత్రి అంకెలే. దాడి చేయకూడని స్థలాల జాబితా ఆ కేంద్రానికి అందుబాటులో ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

2 గంటల 8 నిమిషాలకు కాల్పులు మొదలయ్యాయి. 2 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ఎంఎస్‌ఎఫ్ నుంచి ఫోన్ వచ్చింది. పొరపాటును గుర్తించేసరికి 2 గంటల 37 నిమిషాలైంది. అప్పటికి 211 గుండ్లు పేల్చేశారు. దాడి దాదాపు గంటసేపు సాగిందని ఎంఎస్‌ఎఫ్ అంటోంది, 29 నిమిషాలని అమెరికా సైన్యం అంటోంది. ఏ లెక్క తీసుకున్నా ఫోన్ వచ్చిన తర్వాత కూడా గుండ్లు పడుతూనే ఉన్నాయి.

828, 596, 440: నియమం కాపాడిన ప్రాణాలు

ఇదంతా యుద్ధంలో తప్పనిదేనా? కాదని అదే అఫ్గానిస్థాన్ లెక్కలు చెబుతున్నాయి.

ఐక్యరాజ్యసమితి నమోదుల ప్రకారం 2008లో ప్రభుత్వ, విదేశీ సేనల చేతుల్లో 828 మంది పౌరులు చనిపోయారు. 2009 జూలైలో విదేశీ సేనల కమాండర్ జనరల్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్ ఒక ఆదేశం జారీ చేశారు. పౌరులు ఉండే ఇళ్ల మీద వైమానిక దాడులను తీవ్రంగా పరిమితం చేశారు. ఆ ఏడాది మృతులు 596కు తగ్గారు. 2010లో 440 అయ్యారు. ఆ రెండేళ్లలో పోరు తగ్గలేదు, పైగా అమెరికా తన సైనికుల సంఖ్యను బాగా పెంచింది. పోరు పెరుగుతుండగానే ఆ సేనల చేతుల్లో పౌరుల చావులు దాదాపు సగానికి పడిపోయాయి. అవతలి పక్షం అలాంటి పట్టుదల చూపలేదు. 2010లో తాలిబన్లు, తదితర తిరుగుబాటు గ్రూపుల చేతుల్లో పోయిన పౌరులు 2,080 మంది. చట్టం వాళ్లకూ వర్తిస్తుంది.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 2017లో అమెరికా వైమానిక దాడుల మీద ఉన్న కట్టుబాట్లను సడలించింది. 2010లో ప్రభుత్వ, విదేశీ సేనల వైమానిక దాడుల్లో చనిపోయిన పౌరులు 171 మంది. 2019లో ఆ సంఖ్య 700. ముందుజాగ్రత్త అనే ఒక్క నియమానికి సైన్యం ఎంత విలువిస్తుందో, ఆ మేరకు పౌరుల ప్రాణాలు నిలుస్తాయి.

16, 0: జవాబు చెప్పినవారు

కుందూజ్ మీద అమెరికా సైన్యం 2016 ఏప్రిల్ 29న విచారణ నివేదిక బయటపెట్టింది. సిబ్బంది యుద్ధ చట్టాన్ని పాటించలేదని ఒప్పుకుంది. 16 మందిపై శాఖాపరమైన చర్యలు తీసుకుంది. మృతుల కుటుంబాలకు 6 వేల డాలర్ల చొప్పున, గాయపడినవారికి 3 వేల డాలర్ల చొప్పున ఇచ్చింది. పెట్టిన క్రిమినల్ కేసులు మాత్రం సున్నా. కావాలని చేసింది కాదు కాబట్టి యుద్ధ నేరం కాదన్నది ఆ సైన్యం వాదన.

ఆ వాదన అంత తేలిగ్గా నిలబడదు. బోస్నియా యుద్ధంలో సారయేవో నగరవాసుల మీద జరిగిన దాడుల కేసులో, జనరల్ స్టానిస్లావ్ గలిచ్‌ను దోషిగా తేల్చిన 2003 తీర్పులో పూర్వ యుగోస్లావియా యుద్ధ నేరాల అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఒక మాట స్పష్టం చేసింది. పౌరులకు ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోవడం కూడా ఉద్దేశపూర్వక చర్య కిందికే వస్తుంది. కుందూజ్‌లో జరిగింది ఆ స్థాయి నిర్లక్ష్యమా, కాదా? తేల్చాల్సింది బయటి న్యాయమూర్తులు. ఆ అవకాశమే రాలేదు. మొదటి ప్రొటోకాల్ కింద ఏర్పడిన 15 మంది నిపుణుల అంతర్జాతీయ నిజనిర్ధారణ కమిషన్‌తో విచారణ జరిపించాలని ఎంఎస్‌ఎఫ్ అడిగింది. సంబంధిత దేశాలు సమ్మతిస్తేనే ఆ కమిషన్ కదలగలదు. అమెరికా, అఫ్గానిస్థాన్ సమ్మతి ఇవ్వలేదు. తప్పు చేసిన సైన్యమే దర్యాప్తు చేసి, తానే తీర్పు చెప్పుకుంది.

36,000: ఒక్క ఏడాదిలో

2016 మే 3న ఐరాస భద్రతామండలి ఆసుపత్రులపై దాడులను ఖండిస్తూ 2286వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ తర్వాతా ఆసుపత్రులు కూలుతూనే ఉన్నాయి. 2023లో యుద్ధాల్లో 33,443 మంది పౌరుల మరణాలను ఐరాస నమోదు చేసింది. 2024లో 14 యుద్ధాల్లో ఆ సంఖ్య 36 వేలు దాటింది. ఇవి నమోదైనవి మాత్రమే.

కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. ఉన్నదాన్ని నిలబెట్టే పనులు మూడున్నాయి. దాడి చేయకూడని స్థలాల జాబితాతో సరిపోల్చకుండా కాల్పులకు అనుమతి ఇవ్వకూడదు. ప్రతి సైన్యమూ తన చేతుల్లో పోయిన పౌరులను లెక్కపెట్టి ఆ లెక్క బయటపెట్టాలి. ఆసుపత్రి మీద దాడి జరిగితే, నిందపడిన దేశం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బయటివారి విచారణ జరగాలి. ఐరాస శాంతిదళాలకు సైనికులను ఎక్కువగా పంపే దేశాల్లో భారత్ ఒకటి. పౌరులను కాపాడమనే ఆదేశంతోనే మన సైనికులు పరాయి గడ్డ మీద ప్రాణాలొడ్డుతున్నారు. అలాంటి దేశం 1977 ప్రొటోకాల్స్‌కు ఇంకా దూరంగా ఉండటం తగదు. వాటిని ఆమోదించి, నిజనిర్ధారణ కమిషన్ అధికారాన్ని ముందుగానే ఒప్పుకుంటే, మిగతా దేశాలను నిలదీసే హక్కు మనకు వస్తుంది.