గిటార్ నెక్‌లో దాగిన ఉక్కు కడ్డీ

"ఎలక్ట్రిక్ గిటార్ ఎంతసేపు వాయించినా ఏమీ అనిపించదు సార్. అకూస్టిక్ పట్టుకుంటే మాత్రం ఒకే వేలితో తీగలన్నీ నొక్కిపట్టే బార్ కార్డ్ దగ్గర పావుగంటకే చెయ్యి పట్టేస్తోంది. రెండింటికీ ఆరే తీగలు, రెండూ ఒకే శ్రుతి. మరి తేడా ఎక్కడుంది?" తీగల కంపనాల పాఠం చెబుతుండగా ఓ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. అందులో సగానికి జవాబు పాఠంలోనే దొరుకుతుంది. మిగతా సగం కోసం నెక్ లోపలికి, బయటికి కనిపించని ఒక ఉక్కు కడ్డీ దాకా వెళ్లాలి.

ముందు పాఠంలో దొరికే సగం చూద్దాం. తీగ పొడవు, పలికే స్వరం మారకపోతే ఎంత బిగించాలన్నది తీగ బరువును బట్టి ఉంటుంది. బరువేమో వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎలక్ట్రిక్ మీద మొదటి తీగ మందం సాధారణంగా 0.010 అంగుళం, అకూస్టిక్ మీద 0.012. చూపుకు అందనంత చిన్న తేడాయే, కానీ వర్గం చేసి చూస్తే అకూస్టిక్ తీగకు 44 శాతం ఎక్కువ బిగువు కావాలి. పైగా ఎలక్ట్రిక్ మీద మూడో తీగ ఒంటి తీగ, అకూస్టిక్ మీద అదే చోట లోహపు చుట్టు ఉన్న తీగ. ఆరింటినీ కలిపి చూస్తే ఎలక్ట్రిక్ నెక్ మీద సుమారు 46 కిలోల లాగుడు ఉంటుంది, అకూస్టిక్ మీద 70 కిలోలు దాటుతుంది.

అయితే అకూస్టిక్‌కీ సన్నతీగలే వేసుకోవచ్చు కదా? వేసుకోవచ్చు, కానీ గొంతు చిక్కిపోతుంది. ఎలక్ట్రిక్‌లో తీగ తన చప్పుడును తానే మోయనక్కర్లేదు. పికప్‌లోని అయస్కాంతం, దాని చుట్టూ ఉన్న కాయిల్ తీగ కదలికను పసిగడితే చాలు, మిగిలిన కష్టం ఆంప్లిఫయర్‌ది. అకూస్టిక్ తీగకు ఆ సాయం లేదు. బ్రిడ్జ్ ద్వారా పైచెక్కను ఊపి, ఆ చెక్కతో గదిలోని గాలిని కదిలించాల్సింది అదే. ఆ శక్తి బరువూ బిగువూ ఉన్న తీగ నుంచే వస్తుంది. మన వేళ్లకు తగిలే నొప్పి కరెంటు లేకుండా మోగినందుకు కట్టే మూల్యం.

ఇక ఆ లాగుడును నెక్ ఎలా తట్టుకుంటుందో చూద్దాం. అల్లెతాడు లాగితే విల్లు వంగినట్టే, తీగల బిగువుకు నెక్ ముందుకు వంగుతుంది. వంగినకొద్దీ మధ్యలో తీగలు ఎత్తులో ఉండిపోతాయి, నొక్కడం కష్టమవుతుంది. వంగకుండా ఉండాలంటే మందంగా చెక్కాలి. ఇక్కడ వర్గం కాదు, ఏకంగా ఘనం లెక్క. పట్టె దృఢత్వం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 24 మి.మీ. మందం ఉన్న నెక్‌ను 20 మి.మీ.కి చెక్కితే తీసింది ఆరో వంతే, పోయే దృఢత్వం 42 శాతం. వంద ఏళ్ల కిందటి గిటార్ నెక్‌లు అరచేతి నిండా ఉండటానికి కారణం ఇదే.

ఆ చిక్కును అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో, గిబ్సన్ కంపెనీ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ విప్పాడు. నెక్ లోపల ఒక ఉక్కు కడ్డీ పెట్టి, దాన్ని బయటినుంచి బిగించే వీలు కల్పించాడు. 1921లో దరఖాస్తు పెడితే 1923లో పేటెంట్ వచ్చింది. అదే ట్రస్ రాడ్. అకూస్టిక్ గిటార్ సౌండ్‌హోల్‌లోకి తొంగిచూస్తే నెక్ మొదట్లో అలెన్ కీ పట్టే చిన్న రంధ్రం తరచూ కనిపిస్తుంది. గిబ్సన్ గిటార్లలో అయితే తలభాగం మీద చిన్న మూత తీయాలి.

తర్వాత స్థిరపడిన మామూలు రకం పనితీరు నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది. ఫింగర్‌బోర్డ్ అతికించకముందే నెక్‌లో పొడవునా ఒక గాడి తీస్తారు. గాడి రెండు చివర్లలో పైకి, నడిమధ్యలో లోతుకు ఉంటుంది. అందులో కడ్డీని పడుకోబెడితే అదీ ఆ వంపులోనే ఒదుగుతుంది. ఒక చివర చెక్కలో బిగుసుకుని ఉంటుంది, రెండో చివర మరలు, మరల మీద ఒక నట్టు ఉంటాయి. నట్టు తిప్పితే కడ్డీ బిగుస్తుంది. బిగిసిన కడ్డీ తిన్నగా కావాలని చూస్తుంది. అది తిన్నగా కావాలంటే లోతున ఉన్న నడిమి భాగం పైకి లేవాలి. లేస్తూ నెక్ నడుమను వెనకనుంచి తీగలవైపు తోస్తుంది. తీగలు ముందుకు వంచుతుంటే కడ్డీ అదే సమయంలో వెనక్కి తీస్తుంది. రెండు బలాలూ సరితూగిన చోట నెక్ ఆగుతుంది. దృఢత్వమంతా చెక్క మందం నుంచే రావాల్సిన పని తప్పింది కాబట్టి నెక్‌ను సన్నగా చెక్కే వీలు దొరికింది. ఇప్పుడు చాలా గిటార్లలో రెండువైపులకూ వంచగల కడ్డీలు వస్తున్నాయి.

నెక్‌ను పూర్తిగా తిన్నగా ఉంచాలా అంటే, అక్కర్లేదు. మీటిన తీగ మధ్యలోనే ఎక్కువ ఊగుతుంది. ఆ ఊపుకు చోటివ్వడానికి రవ్వంత వంపు మిగలాలి. దాన్ని రిలీఫ్ అంటారు. చూడటం తేలిక. ఆరో తీగను మొదటి ఫ్రెట్ (ఫింగర్‌బోర్డ్ మీద అడ్డంగా దిగిన లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే 14వ ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కండి. ఇప్పుడు ఆ తీగే స్కేలు. ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య మందపాటి విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే అంతకన్నా అక్కర్లేదు. ఎలక్ట్రిక్ వాయించేవాళ్లు ఇంకా తగ్గిస్తారు.

ఈ కడ్డీ విషయంలో గిబ్సన్‌కూ, పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో ఉన్న మార్టిన్ కంపెనీకీ నడిచిన పోటీ నాకెంతో ఇష్టం. ఎలక్ట్రిక్ నెక్ లాంటిది అకూస్టిక్‌కు కావాలని ఇప్పుడు అనుకుంటున్నట్టే, ఇంకో వాద్యం నెక్ గిటార్‌కు కావాలన్న కోరిక మార్టిన్ గుమ్మం ముందుకు 1929లోనే వచ్చింది. పెర్రీ బెక్‌టెల్ అనే బాంజో వాద్యకారుడు తన చేతికి అలవాటైన పొడవాటి నెక్ లాంటిది గిటార్‌కూ కావాలన్నాడు. మార్టిన్ బాడీని కుదించి, 12కు బదులు 14 ఫ్రెట్లు బయటికి వచ్చేలా ఓఎం మోడల్ చేసింది, వెడల్పూ తగ్గించింది. కడ్డీని మాత్రం ఒప్పుకోలేదు. నెక్‌లో మొదట నల్లచేవ పట్టీ, 1930లలో ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారపు ఉక్కు పట్టీ, 1967 నుంచి చదరపు ఉక్కు గొట్టం పెట్టింది. అన్నీ గట్టివే, ఏదీ తిప్పడానికి వీలైనది కాదు. అలాంటి నెక్ వంగితే మరమ్మతు చేసేవాళ్లు ఫ్రెట్లు పీకి, అడుగుభాగం కాస్త మందంగా ఉన్న ఫ్రెట్లు కొట్టేవాళ్లు. ఒక్కో ఫ్రెట్ తన గాడిలో మేకులా బిగుసుకుంటే ఫింగర్‌బోర్డ్ పైభాగం వెంట్రుకవాసి సాగి, నెక్ వెనక్కి వచ్చేది. ఎంత ఓపిక, ఎంత నేర్పు! మెక్‌హ్యూ పేటెంట్ గడువు 1940తో తీరింది. మార్టిన్ తిప్పే కడ్డీని తెచ్చింది 1985లో.

మనం ముచ్చటపడే ఎలక్ట్రిక్ నెక్ కూడా కడ్డీ లేకుండానే మొదలైంది. లియో ఫెండర్ 1950లో తొలి ఎస్క్వైర్ గిటార్లు చేసినప్పుడు మేపుల్ చెక్క గట్టిది, అదే చాలనుకున్నాడు. చాలలేదు. కొద్ది నెలల్లోనే కడ్డీ వచ్చి చేరింది. ఆ నెక్ ఒకే చెక్క కాబట్టి కడ్డీని వెనకనుంచి దూర్చి, గాడిని వాల్‌నట్ పట్టీతో మూశారు. ఫెండర్ నెక్‌ల వెనక నిలువునా కనిపించే నల్లగీత అలంకారం కాదు, కడ్డీ వెళ్లిన దారి.

కడ్డీ వంపును సరిచేస్తుంది కానీ నెక్ బాడీతో కలిసే కోణాన్ని సరిచేయలేదు. పాత పద్ధతిలో నెక్‌ను జిగురుతో అతికిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ తీగల లాగుడుకు కోణం మారి తీగలు ఎత్తవుతాయి, అప్పుడు నెక్ మొత్తం ఊడదీయాలి. కాలిఫోర్నియాలో 1974లో బాబ్ టేలర్, కర్ట్ లిస్టగ్ కలిసి మొదలుపెట్టిన టేలర్ కంపెనీ నెక్‌లను బోల్టులతో బిగించింది. సన్నటి ఆ నెక్‌లు ఎలక్ట్రిక్‌కు అలవాటైన చేతులకు నచ్చాయి. 1999లో వచ్చిన పద్ధతిలో ఫింగర్‌బోర్డ్ చివరతో సహా నెక్ మొదలంతా బాడీలో తవ్విన గూట్లో కూర్చుంటుంది, వెనక పెట్టే పలచని చెక్కముక్క మందం మారిస్తే కోణం మారుతుంది. ఫెండర్ 1960లలోనే అకూస్టిక్‌కు ఎలక్ట్రిక్ తరహా నెక్ బిగించింది, 2019లో అకూస్టాసోనిక్ టెలికాస్టర్‌తో మళ్లీ ఆ దారికే వచ్చింది.

ఇప్పుడు ఆ విద్యార్థికి చెప్పాల్సిన మాట. ఎలక్ట్రిక్ నెక్ అనిపించేదానిలో చాలా భాగం నెక్ ఆకారం కాదు, సెటప్. మొదటి ఫ్రెట్ దగ్గర బార్ కార్డ్ బాధపెడితే, తల దగ్గర తీగలు ఆనే నట్టు గాడులు ఎత్తుగా ఉన్నాయేమో చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దించాలంటే, అది తీగకు సరిగ్గా సగం దూరం కాబట్టి, బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు అరగదీయాలి. 12 గేజ్ (0.012 అంగుళం) తీగలకు బదులు 11 వేస్తే మొదటి తీగ మీద 16 శాతం బిగువు తగ్గుతుంది. సముద్రతీరపు ఊళ్లలో వానాకాలం పైచెక్క తేమకు ఉబ్బి తీగలను పైకెత్తుతుంది, అందుకే రుతువు మారినప్పుడు నెక్ మళ్లీ చూసుకోవాలి. ఇవన్నీ చేతిలో ఉన్న గిటార్‌కే చేయించుకోవచ్చు.

చేయించుకోలేనివి నట్టు దగ్గర వెడల్పు, నెక్ మందం, ఫింగర్‌బోర్డ్ గుండ్రదనం. వెడల్పు 43 మి.మీ. దగ్గర ఉన్న అకూస్టిక్ ఎలక్ట్రిక్‌కు దగ్గరగా అనిపిస్తుంది, 44.5 ఉంటే వేళ్లకు చోటెక్కువ. మార్టిన్ ఫింగర్‌బోర్డ్ వంపు 16 అంగుళాల వృత్తంలోది, పాత ఫెండర్‌ది 7.25 అంగుళాలది, వేళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. కొట్లో తీగలు ఎత్తుగా ఉన్నాయని మంచి నెక్‌ను వదులుకోకండి, తీగలు హాయిగా ఉన్నాయని చేతికి నప్పని నెక్‌ను కొనకండి. తీగల ఎత్తు అలెన్ కీ, ఆకురాయి మార్చగలవు. నెక్‌ను మాత్రం మీ చెయ్యే ఎంచుకోవాలి.