చెట్టు నిండా కాయలు... పథ్యం నిండా ఆంక్షలు!

ఉద్దానం... పేరు వినగానే కొబ్బరితోటలు, పనసచెట్లు, జీడితోపులు కళ్లముందు కదులుతాయి. ‘ఉద్యానవనం’ అన్న మాటే అలా మారిందంటారు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో పరచుకున్న ఈ పచ్చని నేల దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో పోరాడుతోంది. మధుమేహం, రక్తపోటు లేనివారినీ పట్టుకుంటున్న ఈ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది.

జబ్బుకు ఆకలి తోడైతే?

జీడిపిక్కలు వేసవిలో చేతికొస్తాయి. వరి కోతలు కార్తీకం వచ్చాకే. మధ్యలో ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా రైతు ఇంట్లో చేతిలో డబ్బాడదు. డయాలసిస్ మాత్రం ఆగదు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు. తోడు వెళ్లే మనిషికీ ఆ రోజు కూలి పోయినట్టే.

రేషన్ బియ్యంతో కడుపు నిండుతుంది. కానీ డయాలసిస్‌లో ఒంట్లోంచి మాంసకృత్తులు కొంత పోతాయి. ఆ లోటు పూడాలంటే గుడ్డో చేపో తినాలి. చెయ్యి బిగించాల్సి వస్తే ముందు కోతపడేది వాటికే!

పోనీ, పెరట్లో పండేది తిందామా అంటే... కొబ్బరినీళ్లు, అరటి, పనస అన్నింట్లోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. తోట కాసింది అమ్ముకోవాలే గానీ రోగి తినడానికి లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్నీ నేలకూల్చింది. కొత్త కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

సాయం అందలేదని కాదు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10 వేల రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఇంట్లోనూ కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు. కూరగాయలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం తగ్గుతుంది. ఒళ్లునొప్పులకు సొంతంగా మాత్రలు మింగడం కిడ్నీలకు చేటు. ఎంత మాంసకృత్తులు తినాలన్నది జబ్బు దశను బట్టి మారుతుంది కాబట్టి వైద్యుణ్ని అడగాల్సిందే.

మందుల సంచితోపాటు ఆ నాలుగు నెలలూ రోజుకో గుడ్డు కూడా చేతికందితే... చికిత్సకు అంతకు మించిన తోడేముంది!