కలప మోసిన ఇంజన్‌కు పర్యాటకులే ఆధారం

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో కాస్ అనే చిన్న ఊరుంది. అక్కడ నడిచే 5వ నంబరు 'షే' ఆవిరి ఇంజన్ 1905లో తయారైంది. అడవి నుంచి మిల్లుకు దుంగలు చేర్చడం దాని పని.

మామూలు ఆవిరి ఇంజన్‌లో పిస్టన్ కడ్డీలు చక్రాలను నేరుగా తిప్పుతాయి. షేలో సిలిండర్లు కుడివైపు నిలువుగా ఉంటాయి. బరువు సరితూగేలా బాయిలర్‌ను ఎడమకు జరిపారు. పక్కనుండే పొడవాటి షాఫ్టు గేర్ల ద్వారా అన్ని చక్రాలనూ తిప్పుతుంది. దీంతో వేగం తగ్గినా లాగే బలం పెరుగుతుంది. నిటారు ఎత్తులు, ఇరుకు మలుపులు దానికో లెక్క కాదు.

1960లో కలప పని ఆగింది. ఇంజన్లు తుక్కుకు పోయే దశలో రాష్ట్ర ప్రభుత్వం ఆ మార్గాన్ని కొని, 1963లో పర్యాటక రైలు మొదలుపెట్టింది. వీటి విడిభాగాలు బజారులో దొరకవు. అరిగినదాన్ని వర్క్‌షాపులో చేసుకోవాల్సిందే. ఇంజన్ నిలవాలంటే ఆ పనితనమూ నిలవాలి.