మాట పోయినవారితో మాటలాడుట

మాట మనకు శ్వాసవలె సహజమైనది గనుక, దాని వెనుక జరుగు పనిని మనము తలపము. ‘చెంబు’ అని పలుకవలయునన్న మొదట ఆ వస్తువు మనసున మెదలవలయును. పిమ్మట దాని పేరు జ్ఞప్తికి రావలయును. ఆ పేరునందలి ధ్వనులు వరుసగా నమరవలయును. కడపట ఊపిరి, కంఠము, నాలుక, పెదవులు కలసి పనిచేయవలయును. ఇంతయు రెప్పపాటులో ముగియును. ఈ గొలుసునందు ఏ లంకె తెగినను మాట తడబడును.

పెద్దవారియందు ఈ లంకె తెగుటకు ముఖ్యకారణము పక్షవాతము. మెదడునకు రక్తమును గొనిపోవు నాళము మూసికొనినను, పగిలినను, ఆ భాగము చెడును. హఠాత్తుగా మాట తడబడినపుడు, రేపటికి తగ్గునని వేచియుండక, తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలయును. చాలమందికి భాషాశక్తి మెదడు ఎడమ అర్ధభాగమున నున్నది. శరీరపు కుడివైపును నడపునదియు అదియే. కావుననే కుడిచేయి, కుడికాలు పడిపోయినవారికి తరచుగా మాటయు పోవును. భాషాశక్తికి కలిగిన యీ లోపమును వైద్యులు అఫేజియా యందురు. భాష చెడక, నోటి కండరములు మాత్రము వశము తప్పి పలుకు ముద్దముద్దగా వచ్చుట వేరొక లోపము. దానికి డిసార్త్రియా యని పేరు.

అఫేజియాయందును భేదములు కలవు. కొందరు ఇతరుల మాటను చాలవరకు గ్రహింతురు గాని, తాము ఒకటి రెండు మాటలకంటె నెక్కువ పలుకలేరు. మరికొందరు ధారాళముగా పలుకుదురు గాని, ఆ పలుకులకు పొందిక యుండదు; ఇతరుల మాటయు వారికి బోధపడదు. మొదటిదానిని 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకాయు, రెండవదానిని 1874లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికేయు మెదడునందలి ప్రత్యేక స్థానములతో సంబంధపరచి వివరించిరి.

బ్రోకా పరీక్షించిన రోగి ప్యారిస్ నగరసమీపమున బిసెత్ర్ ఆసుపత్రియందుండెను. ‘టాన్’ అనునది తప్ప అతడు దాదాపు మరేమియు పలుకలేకుండెను. ఎన్నియేండ్లనుండి యిచ్చట నున్నావని యడుగగా, అతడు అయిదు వ్రేళ్లను నాలుగుమారులు చాపి, పిమ్మట ఒక్క వ్రేలు చూపెను. ఇరువదియొక్క యేండ్లు! లెక్క సరిగా నుండెను. మాట పోయెను గాని, లెక్క పోలేదు.

అంతకు పూర్వమే, ఇంగ్లీషు నిఘంటుకర్తయగు డాక్టరు శామ్యూల్ జాన్సనునకు 1783 జూను 17వ తేదీని, తెల్లవారకముందే, పక్షవాతము సోకెను. తలలో కలత తోచి మేల్కొని, తన బుద్ధి చెడెనేమోయని భయపడి, పరీక్షించుకొనుటకై యొక ప్రార్థనను లాటిను పద్యముగా కట్టెను. పద్యములు అంత బాగుగ రాలేదు. కాని బాగుగ రాలేదని తనకు తెలిసినది గనుక, బుద్ధి నిలిచియున్నదని నిశ్చయించుకొనెను. పిమ్మట చూచుకొనగా మాట పోయినది! ఆయన చీటీ వ్రాసి సేవకునికిచ్చెను. యజమానుడు మాటలాడక కాగితమేల యిచ్చుచున్నాడో వానికి వెంటనే బోధపడలేదు. కొలదిదినములలో జాన్సనునకు మాట క్రమముగా తిరిగివచ్చెను.

ఆ సేవకుని అయోమయమే నేటికిని మన యిండ్లలో కనబడుచున్నది. ఇంటి పెద్దకు మాట పోయిన తోడనే, కొందరు ఆయన చెవిటివాడైనట్లు బిగ్గరగా అరతురు. కొందరు పసిబిడ్డను లాలించినట్లు లాలింతురు. పొలము సంగతియు, పెండ్లి సంగతియు ఆయన యెదుటనే, ఆయన లేనట్లుగా, నిర్ణయింతురు. మాటయే బుద్ధి యని భ్రమపడుటచే ఈ యన్యాయము జరుగుచున్నది.

స్పీచ్ థెరపీ యని వాడుకయందున్న వాక్చికిత్స యీ భ్రమను విడిచి పని ప్రారంభించును. చికిత్సకులు వినుట, పలుకుట, చదువుట, వ్రాయుట యను నాలుగింటిని వేరువేరుగా పరీక్షించి, మిగిలియున్న శక్తిని ఆధారముగా గైకొందురు. బొమ్మను చూపి, పేరు తోచనపుడు తొలి యక్షరమును మాత్రమే యందింతురు. అడిగినపుడు పేరు చెప్పలేనివారును వారముల పేర్లను, ఒంట్లను వరుసగా చెప్పుట కలదు. రెండు మాటలు కూర్చలేనివారు చిన్ననాటి పాటను పాడుటయు కలదు. ఈ విషయము నాధారము చేసికొని అమెరికా చికిత్సకులు 1973లో రాగయుక్తముగా మాట నభ్యసింపజేయు పద్ధతిని ప్రకటించిరి. మాట బొత్తిగా రానివారికి బొమ్మల పలకలు, సైగలు నేర్పుదురు. కోలుకొనుట తొలినెలలలో వేగముగా నుండును. అయినను ఏండ్లు గడచిన పిమ్మట అభివృద్ధి నొందినవారును కలరు. మనదేశమున ఈ విద్యకై 1965లో మైసూరునందు అఖిలభారత వాక్శ్రవణ సంస్థ స్థాపింపబడెను. 1983లో బొంబాయియందు స్థాపింపబడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదునందు శాఖ కలదు.

చికిత్సకుని యొద్ద గడుపునది కొంతకాలమే. తక్కిన దినమంతయు ఇంటివారితోనే. కావున ఇంటివారు ఎదుట కూర్చుండి, పొట్టి వాక్యములతో, ఒకసారి ఒక్క సంగతినే చెప్పవలయును. రేడియో, టెలివిజను కట్టివేయవలయును. అవును, కాదు అను మాటలు వారి నోట తారుమారగుట కలదు గనుక, తలయూపుటను గూడ చూచి నిశ్చయించుకొనవలయును. బోధపడనపుడు బోధపడినట్లు నటింపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రశ్న వేసిన పిదప వేచియుండవలయును. వారి మాటను వారి నోటినుండి లాగికొనరాదు.

విద్యార్థులారా, ఈ పనిలో మీకును పాలు కలదు. మీ యింట నిట్టి పెద్దలున్నయెడల, ఇంటివారి పేర్లను, నిత్యము వాడు వస్తువుల పేర్లను పెద్దయక్షరములతో అట్టలమీద వ్రాసి, ప్రతిదినము పావుగంట వారి చెంత కూర్చుండుడు. ఒకప్పుడు మీరు తొలిమాటలు పలుకునపుడు వారు ఓపికతో కనిపెట్టుకొనియుండిరి. నేడు ఆ యోపిక మీరు చూపవలసినది.